పెంటమ్మ గడపలో బర్రె

ఆయన పోయిన మూడోనాడు, జియారత్‌కు, ఇంటి ముందు వేసిన షామియానా కింద కూర్చుని నేను విన్న మాటలు ఇవి. మెత్తని మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. నోట్లో నాలుక లేని మనిషి. ఒకరు అంటుంటే ఇంకొకరు తల ఊపుతున్నారు. నేను ఊపలేదు.

పోయిన మనిషిని పొగడడం మర్యాదే. పోయిన మనిషిని పక్కకు తీసేసి, ఆ జాగాలో ఇంకెవరినో కూర్చోబెట్టి పొగడడం మర్యాద కాదు. నేను ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. తప్పు కొలత రాసిన కాగితం మీద ఎన్నడూ సంతకం పెట్టలేదు. ఇప్పుడూ పెట్టను. రోజూ డైరీ రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆయన ప్రస్తావన వచ్చిన పేజీలు తిరగేస్తే సగానికి సగం ‘ఇవాళ కూడా పోట్లాట’ అనే ఉంటుంది. ఆయన మెత్తని మనిషైతే నేను అన్నేళ్ళు ఎవరితో పోట్లాడినట్టు?

పేరు రాయను. రాస్తే ఆయనే ఒప్పుకోడు. శంషాబాద్ పాత బజారులో చాయ్ హోటల్ పక్క మెట్లెక్కితే ఆయన స్టూడియో. బోర్డు మీద ‘ఫోటో’ అని తప్ప ఇంకో అక్షరం ఉండేది కాదు. “పేరు జూసి వచ్చేటోడు ముచ్చట పెట్టనీకె వస్తడు, ఫోటోకు రాడు” అనేవాడు. బజారుకంతటికీ ఆయన చిచ్చా. నేను భాయ్ అనేవాణ్ణి. నన్ను సారూ అనేవాడు, కాని ఆ పిలుపులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో చివరిదాకా తేల్చుకోలేకపోయాను. నేను కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాణ్ణి. నేను ‘అండీ’ అన్నప్పుడల్లా “మల్ల కొట్టిండు అండి” అని చాయ్ హోటలతనికి కిటికీలోంచి చెప్పేవాడు.

మొదటి పరిచయమే గొడవ. పెన్షన్ కాగితాలకు ఫోటో కావాలని వెళ్ళాను. స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరాలోకి తల వంచి, ఒక్కసారి నొక్కి, “అయింది, లేవుండ్రి” అన్నాడు.

“కళ్ళు మూశానండీ. ఇంకోటి తియ్యండి.”

“మీరు మూసిండ్రు, నేను తీసిన. ఇద్దరి పని అయిపోయింది.”

“కళ్ళు మూసుకున్న ఫోటో ఇస్తే నేను పోయాననుకుంటారు వాళ్ళు.”

“గట్లనుకుంటె కళ్ళు తెరిచి పోయి ఎదురుంగ నిలవడుండ్రి.”

మనిషికి ఒక్క బొమ్మే తీస్తాడు. రెండోది తియ్యడు. “రెండోదాంట్ల ఉండేది మీరు గాదు సారూ. మొదటిదాని గురించి పరేషాన్ అయితున్న మనిషి” అన్నాడు. కోపంగా మెట్లు దిగాను. మర్నాడు ఫోటో చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. చెప్పొద్దూ, ఇంకా కోపం వచ్చింది.

పొడుగు మనిషి. గోరింటాకు పెట్టిన గడ్డం, దారం కట్టి మెళ్ళో వేసుకున్న కళ్ళద్దాలు, ఎండాకాలంలో కూడా నల్ల వాస్కోటు. ఆయన కెమెరా పాత రకం. ముందు ఒకదాని కింద ఒకటి రెండు కళ్ళుంటాయి. పొట్ట దగ్గర పట్టుకొని పైనుంచి తొంగి చూడాలి. అద్దంలో బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. ఇన్నేళ్ళు దానితో పనిచేసినా ఆ తారుమారు ఆయనకు పూర్తిగా అలవడలేదని నా అనుమానం. పెళ్ళిబృందాన్ని “కుడికి, కుడికి” అని జరిపిస్తూ చివరి మనిషిని కాలవలో దింపేసిన రోజు నేనక్కడే ఉన్నాను. “నేను చెప్పింది నా కుడి” అన్నాడు. అదీ ఆయన కుడి కాదు.

చాలా విషయాల్లో ఆయన చెప్పేది తప్పు. డిజిటల్ కెమెరా మొహం మీది రంగు తినేస్తుందనేవాడు. కొన్ని ఆదివారాలు బస్సెక్కి హిమాయత్ సాగర్ కట్ట మీదికి పోయి, సాయంత్రందాకా నిలబడి, ఒక్క బొమ్మా తియ్యకుండా తిరిగొచ్చేవాడు. ఏమైందని అడిగితే “నీళ్ళు ఆగలే” అనేవాడు, నీళ్ళదే తప్పన్నట్టు. విమానాశ్రయం వచ్చాక మాకందరికీ మాట గట్టిగా అరవడం అలవాటైంది. ఆయనకు కాలేదు. విమానం వస్తే మాట మధ్యలో ఆపేసేవాడు. పిలవని చుట్టం లోపలికొచ్చినట్టు పైకి చూసేవాడు. అది పోయాక, ఆపిన చోటి నుంచే, ఆ సగం మాట నుంచే మళ్ళీ మొదలుపెట్టేవాడు. తిట్టు మధ్యలో విమానం వస్తే తిట్టించుకునేవాడు కూడా అట్లాగే ఆగి ఎదురుచూడవలసి వచ్చేది.

ఇక అసలు సంగతికి వస్తాను. అది 2010 ఎండాకాలం.

శంషాబాద్‌కూ సాతంరాయికీ మధ్య, రోడ్డు పక్కన చిన్న వాడ ఉండేది. ఒకే వరుసలో పదకొండు ఇళ్ళు. రోడ్డు వెడల్పు కోసం ఆ వరుస పోతుందని తేలింది. కొలతల వాళ్ళు వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసి, ప్రతి ఇంటికీ ఫోటో తీసుకుపోయారు. ఇళ్ళు పోయేవాళ్ళకు వేరేచోట జాగా ఇస్తామన్నారు. వరుసలో చివరి ఇల్లు పెంటమ్మది. భర్త పోయాక ఒక్కతే ఉంటూ, మహేశ్వరం తోటల నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకునేది. కొలతల వాళ్ళు వచ్చిన పొద్దున ఇల్లు ఊడ్చి లేదట. పరాయివాళ్ళు లోపలికి చూస్తారని సిగ్గుపడి తలుపు దగ్గరికి లాగి గొళ్ళెం పెట్టింది. “జరుగమ్మా, ఫోటోలో అడ్డం వస్తున్నవు” అంటే జరిగింది. తీసేవాడి వెనక నిలబడి, తన ఇంటి ఫోటో తీస్తుంటే తానే చూసింది.

తర్వాత ఆఫీసులో ఆమె ఇంటి దగ్గర ‘ఖాళీ’ అని రాశారు. ఫోటోలో తలుపు మూసి ఉంది, మనిషి లేదు. ఖాళీ ఇంటికి జాగా లేదు. రేషన్ కార్డు చూపిస్తే, కార్డున్నంత మాత్రాన ఇంట్లో ఉన్నట్టా అన్నారట. పక్కింటి యాదయ్య ఆమెను గడపలో నిలబెట్టి సెల్‌ఫోనులో తీసి, ప్రింటు తీయించి ఇచ్చాడు. కంప్యూటర్లో ఎవరినైనా ఎక్కడైనా నిలబెట్టొచ్చు, ఇది చెల్లదన్నారట.

ఆ మధ్యాహ్నం నేను స్టూడియోలోనే ఉన్నాను. పెంటమ్మ గంప మెట్ల మీద పెట్టి పైకొచ్చింది.

“సాయెబన్నా, నేను ఉండంగనే ఇల్లు ఖాళీ అంటున్నరు. నేను మనిషినా, దయ్యాన్నా? నువ్వు చెప్పు.”

“ఎవడన్నడు?”

“ఫోటో అన్నదట.”

ఆయన కెమెరా సంచీ భుజాన వేసుకున్నాడు.

“ఫోటో అబద్ధం చెప్పదక్కా. తీసినోడు చెప్పిండు. నేను తీస్త. నెగిటివ్ తోని తీస్త. దాంట్ల ఎవ్వడు ఎవ్వన్ని నిలవెట్టలేడు.”

ఒక్క పెంటమ్మ ఇల్లు తీస్తే చాలు కదా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “ఒక్క ఇల్లు తీస్తె నాటకమంటరు సారూ. వాడంత తీస్త. మొదటింటికెల్లి ఆఖరి ఇంటిదాక, వరుసగ, ఒక్క ఫిలిం మీద. కత్తిరియ్య. మనుషులతోని, ఎర్ర అంకెలతోని. పక్కిల్లు పక్కనే ఉంటది. ఇగ ఏమంటరో అనమను.” ఒక ఫిలింకు పన్నెండు బొమ్మలు. వాడకు సరిపోతుంది.

మర్నాడే తీశాడు. స్టూడియో వెనక చీకటి గదిలో తానే కడిగి, ఆరబెట్టి, నన్ను పిలిచాడు. నెగిటివ్‌ను కిటికీ వెలుగుకు పట్టుకుని చూశాను. మొదటి ఏడెనిమిది ఇళ్ళు శుభ్రంగా ఉన్నాయి. బొమ్మకూ బొమ్మకూ మధ్య సన్నని ఖాళీ పట్టీ, ఉండవలసినట్టే ఉంది. అక్కడి నుంచి పట్టీ సన్నబడింది. తర్వాత మాయమైంది. చివరి రెండు ఇళ్ళ బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. యాదయ్య తన బర్రెను కూడా ఇంటిమనిషే అని ఫోటోలోకి తెచ్చి నిలబెట్టాడు. ఆ బర్రె ఇప్పుడు పెంటమ్మ గడపలో ఉంది. పెంటమ్మ మొహం ఉండవలసిన చోట బర్రె వీపు.

ఇంతలో పెంటమ్మే వచ్చింది. ఆయన అప్పటికే తీసిపెట్టిన ప్రింటు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

“ఇది పట్టుకపోతె ఇంట్ల బర్రె ఉన్నదని రాసుకుంటరు సాయెబన్నా. దానికి జాగ ఇస్తరు, నాకియ్యరు.”

ఆమె నవ్విందిగాని ఆయన నవ్వలేదు. కంప్యూటర్లో నిలబెట్టారనే ఆఫీసువాళ్ళకు ఇట్లా రెండు బొమ్మలు కలిసిన నెగిటివ్ చూపిస్తే ఇంకేముంది? వచ్చే వారం ఇళ్ళు కొట్టేస్తారని అప్పటికే చాటింపు అయింది.

ఆ కెమెరాలో బొమ్మ తియ్యగానే పక్కనున్న పిడి తిప్పాలి. తిప్పితే ఫిలిం ఒక బొమ్మంత ముందుకు జరిగి, అవతల ఉన్న కండె లాంటి స్పూలు మీదికి చుట్టుకుంటుంది. అంకె మారుతుంది. అంకె మారుతున్నా ఫిలిం జరగాల్సినంత జరగడం లేదన్నమాట.

“విమానాలు సారూ” అన్నాడు. “పైన అది ఉరికినప్పుడల్లా లోపల ఫిలిం అదురుతున్నది.”

“విమానం ఫిలింను వెనక్కి జరపదు భాయ్. పిడి నుంచి మొదలుపెడదాం. ఒక్కొక్కటి చూసుకుంటూ పోదాం.”

“మల్ల వచ్చింది ఫ్యాక్టరీ రోగం.”

రోగమే. దాంతోనే అన్నేళ్ళు జీతం తీసుకున్నాను. ఇంటికెళ్ళి నా భూతద్దం, స్టీలు స్కేలు, సన్న బ్రష్షు తెచ్చుకున్నాను. ఎందుకూ పనికిరాని పాత ఫిలిం ఒకటి అడిగి తీసుకుని, వెనక తలుపు తెరిచిపెట్టి, నేనే ఎక్కించాను. తిప్పిన ప్రతిసారీ బొమ్మ పడే చోట ఫిలిం మీద పెన్సిలుతో గీత గీశాను. చివరిదాకా తిప్పి, బల్ల మీద పరిచి కొలిచాను. అన్నీ సమానంగా ఉన్నాయి. మళ్ళీ చేశాను. మళ్ళీ సమానమే. తలుపు మూసి తిప్పితే తేడా వస్తుందేమో అని అదీ చేశాను. తేడా లేదు. పళ్ళచక్రాలు బాగున్నాయి, స్ప్రింగు బాగుంది, ఫిలింను నొక్కిపట్టే రేకు బాగుంది.

“కెమెరాకు ఏమైతదండీ?” అని నన్ను వెక్కిరిస్తూ టీ తెప్పించాడు. “ఎన్నేండ్ల సంది చేస్తున్నది పని.”

ఆయన మంచి ఫిలిం ఎక్కించి కింద బజారులో తీసిచూశాడు. చాయ్ హోటల్, కిళ్ళీ డబ్బా, ఆటోలు. కడిగితే చివరి ఆటో కిళ్ళీ డబ్బాలో దూరి ఉంది.

నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. నా చేతిలో బాగున్నది ఆయన చేతిలో చెడుతోంది. అంటే తేడా కెమెరాలో లేదు, చేతిలో ఉంది. మూడో రోజు ఊరికే కూర్చుని, “మీరు ఎక్కించండి, చూస్తాను” అన్నాను.

బిస్మిల్లా అన్నాడు. కెమెరా వెనక తలుపు తెరిచాడు. పాత ఫిలిం అయిపోయాక ఇవతల ఖాళీ ప్లాస్టిక్ స్పూలు మిగులుతుంది. అందరూ దాన్నే అవతలికి మార్చి, కొత్త ఫిలిం దాని మీదికి చుట్టుకునేలా పెడతారు. నేనూ అదే చేశాను. ఆయన ఆ ప్లాస్టిక్‌ది తీసి బల్ల మీద పడేశాడు. వాస్కోటు లోపలి జేబులోంచి ఇంకో స్పూలు తీశాడు. లోహంది. నల్లరంగు పోయి తెల్లగా మెరుస్తోంది. కళ్ళకు అద్దుకుని దాన్ని అమర్చాడు.

“అదేమిటి భాయ్?”

“ఉస్తాద్‌ది.”

చార్మినార్ దగ్గర స్టూడియోలో ఆయనకు పని నేర్పిన మనిషి ఇచ్చిందట. కడగడానికి ఫిలిం విప్పుకుని, స్పూలు మళ్ళీ జేబులో పెట్టుకుంటాడు. పని నేర్చిన నాటి నుంచీ ఆయన తీసిన ప్రతి బొమ్మా దాని మీదికే చుట్టుకుంది.

“మరి నేను పరీక్ష చేసినప్పుడు ఇది పెట్టలేదేం?”

“పనికిరాని ఫిలింకు ఉస్తాద్‌ను పెడ్తనా సారూ?” ఆ ప్రశ్నకే ఆయన నొచ్చుకున్నాడు.

స్పూలు అడిగి తీసుకుని భూతద్దం కింద పెట్టాను. స్పూలు చివర చిన్న గాడి ఉంటుంది. కెమెరాలోని తిప్పుడు నాలుక ఆ గాడిలో కూర్చుని స్పూలును తిప్పుతుంది. ఇన్నేళ్ళకు గాడి అంచులు అరిగి గుండ్రమయ్యాయి. మొదట ఫిలిం పలచగా ఉన్నంతసేపు బాగానే తిరుగుతుంది. చుట్టు లావై బిగుసుకునే కొద్దీ నాలుక గాడిలోంచి జారుతుంది. అంకె మారుతుంది, స్పూలు తిరగదు. అదీ తప్పు. నేను చెప్పాను. తప్పు పట్టుకున్న సంతోషంలో కాస్త గట్టిగానే చెప్పానేమో.

ఆయన చెయ్యి చాపి స్పూలు లాక్కున్నాడు.

“ఉస్తాద్‌ది తప్పంటరా?”

“ఉస్తాద్‌ది కాదండీ, గాడిది.”

“నాకు చార్ అక్షరాలు రావు, గాడి ఏందో నాడి ఏందో తెల్వది. గీ స్పూలు మీద నేను ఈ ఊరు ఊరంత తీసిన. పోండ్రి సారూ. పోయి మీ ఫ్యాక్టరీల చెప్పుండ్రి.”

“పోనీ, పెంటమ్మ ఇల్లు ముందు తియ్యండి. మొదటి బొమ్మలు బాగానే వస్తున్నాయి కదా. ఆ చివర నుంచి ఈ చివరకు రండి.”

“అప్పుడు ఎవల ఇండ్లు గలుస్తయి? ఈ దిక్కోల్లయి. ఎవలది పోవాల్నో నేనెందుకు చెప్త? నేనేమన్న ఆఫీసునా?”

మెట్లు దిగాను. నాలుగు రోజులు అటువైపు పోలేదు. నేను పోను, ఆయన రాడు. ఇట్లాంటి మనిషిని మెత్తనివాడంటే నేనెట్లా తల ఊపను?

గురువారం పొద్దున మా గేటు చప్పుడైంది. యాదయ్య రొప్పుతూ నిలబడ్డాడు. “సారూ, మిషన్ వచ్చింది. చిచ్చా ఆడనే ఉన్నడు. మిమ్ముల రమ్మన్నడు. తెల్వకుంట మీ ప్లాస్టిక్‌ది తెమ్మన్నడు.” ఎవరికి తెలియకుండానో నాకు అర్థం కాలేదు. డ్రాయరులో నేను పరీక్షకు వాడిన స్పూలు ఉంది. జేబులో వేసుకుని యాదయ్య స్కూటరు ఎక్కాను.

సామాన్లన్నీ బయట ఉన్నాయి. మంచాలు, బిందెలు, తులసికోట కూడా. పసుపుపచ్చ మిషను వాడ చివర, పెంటమ్మ ఇంటి పక్కన తొండమెత్తి నిలబడి ఉంది. ఖాళీ ఇల్లు కదా, దాంతో మొదలుపెడదాం అనుకున్నారు. పెంటమ్మ గడపలో కూర్చుని లేవడం లేదు. సూపర్‌వైజరు, ముప్పై ఏళ్ళవాడు, తలకు రుమాలు కట్టుకుని ఆమెను లేపమని అందరినీ బతిమాలుతున్నాడు.

ఆయన మాత్రం వాడ ఈ చివర మొదటింటి ముందు నిలబడి కెమెరా వెనక తలుపు తెరిచాడు. వాస్కోటులోంచి లోహపు స్పూలు తీశాడు. దాన్ని ఒకసారి చూసి, కళ్ళకద్దుకుని, తిరిగి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూడకుండా చెయ్యి చాపాడు. నేను ప్లాస్టిక్‌ది అందులో పెట్టాను.

“అరిగింది స్పూలు సారూ. ఉస్తాద్ గాదు.”

“నేనూ అదే కదండీ చెప్పింది.”

“మీరు చెప్పిండ్రు. నేను ఒప్పుకోలే. ఇప్పుడు నేను చెప్తున్న.”

బిస్మిల్లా అని ఎక్కించి, మిషను దాకా నడిచాడు. మిషను ఆన్‌లోనే ఉంది.

“పెద్దాయనా, జరుగు. టైం లేదు” అన్నాడు సూపర్‌వైజరు.

“నీకు లేదు. నాకున్నది. ఈ వాడ మొదటి ఇంటికెల్లి తీసుకుంట వస్త. అందాక దీన్ని ముట్టకు.”

“నువ్వెవరు చెప్పనీకె?”

“ఫోటో తీసెటోన్ని. నీ ఆఫీసోల్లు తీసిండ్రు గద, అప్పుడు మనుషుల్ని జరిపిండ్రు. ఇప్పుడు నేను తీస్తున్న, నువ్వు మిషన్ జరుపు. జరపకుంటె గిట్లనే ఉండనియ్యి. కదిపితె మాత్రం నా మీదికెల్లి కదుపు.”

మిషను నడిపే అతను పైనుంచి చూస్తున్నాడు. ఇంజను ఆపేశాడు. సూపర్‌వైజరు అరిచాడు. అతను తాళంచెవి తీసి జేబులో వేసుకుని, “మాది మహేశ్వరం దిక్కన్నా. మా అవ్వ ఇంటికి ఫోటో గూడ లేదు” అని బీడీ ముట్టించాడు.

ఆయన తిరిగి మొదటింటికి వచ్చి మొదలుపెట్టాడు. తొందరపడలేదు. ఒక్కో ఇంటి ముందు ఆ ఇంటివాళ్ళు, పక్కన ఎర్ర అంకె. తల వంచడం, నొక్కడం, పిడి తిప్పడం. ప్రతి తిప్పుకూ నేను దగ్గరకు జరిగి చెవి పెట్టాను. పిడి బిగువుగా వెళ్ళి ఆగుతోంది. మధ్యలో జారిన చప్పుడు లేదు. యాదయ్య ఇంటి ముందు బర్రెను ఈసారి పెంటమ్మ ఇంటికి దూరంగా, అవతలి మూలకు కట్టించాను. అది అనవసరమని నాకు తెలుసు. అయినా కట్టించాను.

పెంటమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎండ ముదిరింది. ఆమె గడపలో లేచి నిలబడింది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఊడ్చి ముగ్గేసి ఉంది.

“తమ్మీ” అని మిషను మీదికి కేకేశాడు. “జర ఇంజన్ చాలు చేసి గా తొండం దించు. గోడ పక్కకు. ఎర్ర అంకె కనవడాలె. ఇంక జర. ఆఁ, బంద్ చెయ్యి.”

ఇనప పళ్ళు గోడకు జానెడు దూరంలో ఆగాయి. సూపర్‌వైజరు ఇక ఆగలేక, “ఖాళీ ఇంటికి ఇంత డ్రామానా!” అన్నాడు. అంతే, పెంటమ్మ అందుకుంది. అతని పుట్టుక నుంచి మొదలుపెట్టి అతనికి జీతమిచ్చేవాడి వరకు వచ్చింది.

“పెంటమ్మా, ఒక్క నిమిషం నోరు మూసుకో, ఫోటో!” అన్నాను.

“మీరు మూసుకోండ్రి సారూ” అని తల ఎత్తకుండానే ఆయన నొక్కాడు.

పన్నెండో బొమ్మ మిగిలింది. అది తియ్యకుండా ఎండలో అక్కడే నిలబడ్డాడు. నేను ఇంటికొచ్చి తిని పడుకుని మళ్ళీ వెళ్ళేసరికి కూడా నిలబడే ఉన్నాడు. పదకొండు ఇళ్ళూ పోయాక, దుమ్ము అణిగాక, ఆ ఖాళీ జాగాను ఒక్కసారి తీసి పిడి తిప్పేశాడు.

సోమవారం ముగ్గురం ఆఫీసుకు వెళ్ళాం. ఆఫీసరు చిన్నవాడు. బల్ల నిండా ఫైళ్ళు, ఫ్యాను తిరగడం లేదు, చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ముందు వినలేదు. ఈయన ఫిలింను కత్తిరించకుండా పొడుగునా రెండు చేతులతో కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు.

“లేచి వచ్చి చూడుండ్రి. వాడ నడిచినట్టు చూడుండ్రి.”

ఆఫీసరు లేచి వచ్చాడు. ఒక చివర నుంచి నడిచినట్టే చూశాడు. ఇల్లు, పట్టీ, ఇల్లు, పట్టీ. ఎక్కడా ఒకటి ఇంకొకదాని మీదికి రాలేదు. చివర దగ్గర ఆగాడు. పెంటమ్మ ఇంటి ప్రింటు అడిగి తీసుకున్నాడు.

“మిషన్ ఎందుకు పెట్టావు ఫోటోలో?”

“అది గూడ నిలవడ్డది సారూ. నిలవడ్డోల్లందర్ని తీసిన.”

ఆఫీసరు ప్రింటును అటూ ఇటూ తిప్పాడు. ఎర్ర అంకెను ఫైలులో పోల్చుకున్నాడు. సరిపోయింది. అయినా పెన్ను తియ్యలేదు. ఫోటోలో మనిషి నోరంతా తెరిచి, కళ్ళు చిన్నవి చేసుకుని, చెయ్యి ముందుకు చాపి ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి కొంగు కప్పుకుని తల దించుకుని ఉంది.

“ఇల్లు అదే. ఇందులో ఉన్నది ఈమేనని ఏంది గ్యారంటీ?”

పెంటమ్మ తలెత్తింది.

“నేను గాకుంటె నీ అవ్వనా? ఎవలంటవు బిడ్డా? మీరు జరుగుమంటె జరిగిన గద! జరిగినందుకు ఖాళీనా? గంప నెత్తిన పెట్టుకుని మీ ఇండ్లకు కూరగాయలు నేను మోసినప్పుడు ఖాళీ గాలే…”

చెయ్యి ముందుకు వచ్చింది. కళ్ళు చిన్నవయ్యాయి. ఆయన బల్ల మీది ప్రింటు తీసి, ఆమె మొహం పక్కన పట్టుకున్నాడు.

“ఇగ చూడుండ్రి సారూ. నోరు గూడ గదే.”

పక్క బల్ల దగ్గరి గుమాస్తాలు పని ఆపి చూశారు. ఆఫీసరు ఫోటో చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. ఫైలు దగ్గరికి లాక్కుని, ‘ఖాళీ’ అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ఆమె పేరు రాయడం మొదలుపెట్టాడు. పెంటమ్మ ఇంకా తిడుతూనే ఉంది. ఆయన ఫోటో దించలేదు, ఆమెను ఆపమనీ అనలేదు.